మీకు తెలుసా? ప్రాసెసర్ చెప్పే వేడి ఎంతవరకు నిజం?

వేసవి మధ్యాహ్నం కంప్యూటర్ ఫ్యాను హోరెత్తిందంటే చాలామంది వెంటనే ఉష్ణోగ్రత చూపే ప్రోగ్రామ్ తెరుస్తారు. 58 అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు. 91 అని ఉంటే గుండె గుభేలుమంటుంది. కొత్త ఫ్యాను కొనాలా, రిపేరు షాపుకు తీసుకెళ్లాలా, అసలు కంప్యూటరే మార్చేయాలా అన్న ఆలోచనలు మొదలవుతాయి. అయితే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది? ఏ చోట కొలిచారు? దేనితో కొలిచారు? కూరగాయల బండి దగ్గర తక్కెడ ముల్లు మీద ఓ కన్నేసి ఉంచే మనం, తెరమీది అంకెను మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మేస్తాం. ఆ ప్రశ్నలు వేసి చూస్తే తెలిసే సంగతులివి.

1. చిప్‌లో ఉన్నది థర్మామీటర్ కాదు, డయోడ్

ప్రాసెసర్ లోపల పాదరసం లేదు, గాజు గొట్టం లేదు. వేడిని పసిగట్టేది సిలికాన్‌తోనే చేసిన చిన్న డయోడ్. దాని గుండా స్థిరంగా కరెంటు పంపితే, వేడి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ వోల్టేజి సుమారు 2 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. కానీ తయారీలో ఏ రెండు డయోడ్లూ అచ్చం ఒకేలా రావు. అందుకని ఇంజినీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే డయోడ్ గుండా ముందు కొద్దిపాటి కరెంటు, తర్వాత దానికి పది రెట్ల కరెంటు పంపుతారు. రెండుసార్లు వచ్చిన వోల్టేజిల మధ్య తేడాకు డయోడ్ సైజుతో పని లేదు. అది ఉష్ణోగ్రతను బట్టే మారుతుంది, డిగ్రీకి సుమారు 198 మైక్రోవోల్టుల చొప్పున. టార్చిలైటు బ్యాటరీ వోల్టేజిలో ఇది ఏడున్నర వేల వంతు. కొలతలో అంత చిన్న పొరపాటు జరిగితే చాలు, తెరమీద ఒక డిగ్రీ తేడా వచ్చేస్తుంది.

2. ఒకప్పుడు సెన్సర్ ప్రాసెసర్ బయట ఉండేది

1990ల చివరి నాటి చాలా కంప్యూటర్లలో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మధ్యలో, మదర్‌బోర్డు మీద వేడిని పసిగట్టే ఒక థర్మిస్టర్ ఉండేది. అది చిప్ వీపును తాకీ తాకనట్టు ఉండి, లోపలి వేడి తన దాకా వచ్చాక చెప్పేది. జ్వరం వచ్చిన పిల్లవాడి ఒళ్లు చూడకుండా, వాడు పడుకున్న పరుపు మీద చెయ్యి పెట్టి చూడటం లాంటిది అది. అప్పట్లో ఒకే ప్రాసెసర్‌ను రెండు మదర్‌బోర్డుల మీద పెడితే రెండు వేర్వేరు అంకెలు చూపడంలో ఆశ్చర్యమేమీ లేదు.

3. సరిగ్గా కొలవడమే కాదు, సకాలంలో చదవడమూ ముఖ్యమే

2001లో టామ్స్ హార్డ్‌వేర్ సంస్థ ఒక ప్రయోగం చేసి వీడియో తీసింది. కంప్యూటర్ నడుస్తుండగానే ప్రాసెసర్ మీద ఉండి వేడిని లాగేసే హీట్‌సింక్‌ను పెరికేశారు. పెంటియమ్ 4 తన వేగం తానే తగ్గించుకుని బతికిపోయింది. పెంటియమ్ 3 స్తంభించిపోయింది గానీ చెడిపోలేదు. ఏఎండీ అథ్లాన్లు మాత్రం క్షణాల్లో మాడిపోయాయి. వాటిలో కొత్త రకానికి లోపల డయోడ్ ఉంది. కానీ మదర్‌బోర్డు దాన్ని చదివి కరెంటు ఆపేలోపే అంతా అయిపోయింది. పెంటియమ్ 4లో కొలిచేదీ, చర్య తీసుకునేదీ ఆ చిప్పే. ఈ కాపలా ఆ తర్వాత అన్ని ప్రాసెసర్లలోకీ వచ్చింది.

4. ఇంటెల్ సెన్సర్ వెనక్కి లెక్కపెడుతుంది

ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. 2006 నాటి కోర్ ప్రాసెసర్లతో ఇంటెల్ డిజిటల్ సెన్సర్లు తెచ్చింది. ఆ సెన్సర్ "ఇప్పుడు 60 డిగ్రీలు" అని చెప్పదు. "గరిష్ఠ పరిమితికి ఇంకా 40 డిగ్రీల దూరం ఉంది" అని చెబుతుంది. రోడ్డు పక్క మైలురాయి బయలుదేరిన ఊరు ఎంత వెనకబడిందో చెప్పదు, వెళ్లే ఊరు ఇంకెంత దూరమో చెబుతుంది. ఇదీ అంతే. మనం వాడే ప్రోగ్రామ్ ఆ చిప్ గరిష్ఠ పరిమితి తీసుకుని, అందులోంచి ఈ దూరాన్ని తీసేసి, మిగిలినదాన్ని ఉష్ణోగ్రతగా చూపుతుంది. అంటే తెరమీద మనం చూసేది కొలత కాదు, తీసివేత లెక్క. గరిష్ఠాన్ని 100కు బదులు 85గా తీసుకుంటే జవాబు 15 డిగ్రీలు తప్పుతుంది, సెన్సర్ తప్పేమీ లేకపోయినా.

5. ఆ గరిష్ఠాన్ని ఊహించుకోవలసిన రోజులు ఉండేవి

కోర్ 2 ప్రాసెసర్ల కాలంలో సరిగ్గా ఇదే జరిగింది. డెస్క్‌టాప్ చిప్‌ల గరిష్ఠ పరిమితి ఎంతో ఇంటెల్ మొదట్లో బయటపెట్టలేదు. కోర్ టెంప్, రియల్ టెంప్ వంటి ప్రోగ్రాములు రాసినవాళ్లు తమ పరీక్షలను బట్టి ఒక అంకె అనుకోవాల్సి వచ్చింది. ఒకే కంప్యూటర్‌లో, ఒకే క్షణంలో, రెండు ప్రోగ్రాములు రెండు ఉష్ణోగ్రతలు చూపితే వాడేవాళ్లు తలపట్టుకున్నారు. 2008లో ఇంటెల్ కొన్ని అంకెలు విడుదల చేసింది. అదే ఏడాది చివర వచ్చిన నెహాలెమ్ తరం నుంచి ఆ పరిమితిని చిప్‌లోనే రాసిపెట్టింది. ఇప్పటి ప్రోగ్రాములు దాన్ని నేరుగా చదువుకుంటాయి. అందుకే ఉష్ణోగ్రత చూసే ప్రోగ్రామ్ మీ ప్రాసెసర్ కంటే పాతదైతే ముందు దాన్ని అప్‌డేట్ చేసుకోండి.

6. అది వేడెక్కినప్పుడే ఎక్కువ నిజం చెబుతుంది

ఈ సెన్సర్ల ప్రధాన కర్తవ్యం చిప్‌ను కాపాడటం. కాబట్టి ప్రమాదపు గీత దగ్గర అవి సరిగ్గా ఉండేలా సరిచేస్తారు. ఆ గీత నుంచి దూరం జరిగేకొద్దీ కచ్చితత్వం సడలుతుంది. 95 దగ్గర చూపిన అంకెను నమ్మినంతగా 30 దగ్గర చూపిన అంకెను నమ్మలేం. కొన్ని 45 నానోమీటర్ల కోర్ 2 చిప్‌లలోనైతే సెన్సర్ ఒక స్థాయి కంటే కిందికి కదిలేదే కాదు. చిప్ ఎంత చల్లబడినా అంకె అక్కడే ఇరుక్కుపోయేది. ఊరికే కూర్చున్న కంప్యూటర్‌లో ఒక కోర్ 34, పక్కది 39 చూపుతోందని దిగులు పడనక్కర్లేదు. కోర్‌కూ కోర్‌కూ అంత తేడా మామూలే.

7. ప్రాసెసర్ తనున్న గది కంటే చల్లగా ఉండలేదు

ఏ పరికరమూ కొనకుండా చేయగల మొదటి పరీక్ష ఇది. ఫ్యాను గానీ, నీళ్ల కూలర్ గానీ గదిలోని గాలికే వేడిని అప్పజెబుతాయి. ఆ గాలి 33 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ 33 కంటే కిందికి దిగే మార్గం లేదు. అందుకే మే నెలలో రెంటచింతల వంటి చోట, ఏసీ లేని గదిలో, తెరమీద 28 కనిపిస్తే మురిసిపోకండి. అది సెన్సరో, ప్రోగ్రామో చెబుతున్న తప్పు.

పరీక్ష ఇలా చేయండి. రాత్రంతా కంప్యూటర్ ఆపేసి ఉంచండి. ఏసీ ఉంటే అదీ ఆపేయండి. తెల్లారేసరికి చిప్పూ గదీ ఒకే వేడికి వస్తాయి. గది థర్మామీటర్‌ను కంప్యూటర్ పక్కనే పెట్టి, దాని అంకె రాసుకుని, ఆన్ చేసి వీలైనంత త్వరగా ప్రాసెసర్ అంకె చూడండి. కరెంటు తగలగానే చిప్ కొన్ని డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, గది కంటే కాస్త ఎక్కువ చూపడం సహజం. గది కంటే తక్కువ చూపినా, మొదటి క్షణాల్లోనే 25, 30 డిగ్రీలు ఎక్కువ చూపినా ఎక్కడో తేడా ఉన్నట్టే.

8. కావాలనే 20 డిగ్రీలు కలిపి చెప్పిన ప్రాసెసర్లున్నాయి

2017లో ఏఎండీ రైజెన్ చిప్‌లు విడుదలైనప్పుడు 1700ఎక్స్, 1800ఎక్స్ కొన్నవాళ్లు కంగారుపడ్డారు. కూలర్ ఎంత మంచిదైనా అంకె చాలా ఎక్కువ ఉండేది. తర్వాత ఏఎండీయే వివరించింది. ఆ రెండు చిప్‌లు బయటికి చెప్పే అంకె అసలు ఉష్ణోగ్రతకు 20 డిగ్రీలు కలిపినది. వేర్వేరు మోడళ్లలో ఫ్యాను ఒకే తీరున తిరగాలని అలా చేశారు. మామూలు 1700కు కలిపింది సున్నా. మొదటి తరం థ్రెడ్‌రిప్పర్లకు 27, తర్వాతి 2700ఎక్స్‌కు 10. ఈ సంగతి తెలిసిన ప్రోగ్రాములు కలిపినదాన్ని తీసేసి చూపాయి. తెలియనివి 50 డిగ్రీల చిప్‌ను 70గా చూపాయి. సెన్సర్ తప్పు చేయలేదు, ప్రోగ్రామ్ కూడా కావాలని తప్పు చెప్పలేదు. ఆ అంకె దేన్ని సూచిస్తుందో వాడేవాళ్లకు తెలియలేదు, అంతే.

9. ఒక డ్రైవర్ అంకె చూపడానికే ఒప్పుకోదు

అంతకుముందు ఏఎండీ కె10 తరం చిప్‌లలోని అంకె భౌతిక ఉష్ణోగ్రతే కాదని, కూలింగ్‌ను నడిపించడానికి వాడే ఒక కొలమానమని కంపెనీ పత్రాలే చెప్పాయి. పైగా సాకెట్ ఎఫ్, ఏఎం2+ రకాలకు చెందిన కొన్ని చిప్‌లలో సెన్సర్ నమ్మదగ్గది కాదని తమ లోపాల జాబితాలో 319వ అంశంగా ప్రకటించారు. లినక్స్‌లోని ఆ అంకెను చదివి చూపే కె10టెంప్ డ్రైవర్ రాసినవాళ్లు దాన్ని గట్టిగా పట్టించుకున్నారు. అలాంటి చిప్ కనిపిస్తే, మనం పట్టుబట్టి అడిగితే తప్ప ఆ డ్రైవర్ పనిచేయదు. తప్పు అంకె చూపడం కంటే అసలు చూపకపోవడమే మేలన్న ఆ నిర్ణయం నాకు ఎంతో నచ్చుతుంది.

10. 127 డిగ్రీలు కనిపిస్తే ముందు వైరు ఉందో లేదో చూడాలి

మదర్‌బోర్డు మీది పర్యవేక్షణ చిప్‌కు చాలా సెన్సర్లు తగిలించే వీలుంటుంది. బోర్డు తయారుచేసేవాళ్లు అన్నిటినీ వాడరు. ఖాళీగా వదిలేసిన చోట్లను కూడా ప్రోగ్రామ్ చదివి ఒక అంకె చూపిస్తుంది. ఎనిమిది బిట్లలో ధన రుణ గుర్తుతో రాయగల గరిష్ఠ అంకె 127. అందుకే ఆ అంకె అంత తరచుగా కనిపిస్తుంది. నిజంగా అంత వేడి పుట్టి ఉంటే కంప్యూటర్ ఈపాటికి తనంతట తానే ఆగిపోయేది.

దీనికి అన్నదమ్ములు మరో రెండున్నాయి. లినక్స్‌లో కొన్ని బోర్డుల మీద ఒక సెన్సర్ ఏళ్ల తరబడి 27.8 అనో, 16.8 అనో చూపుతుంది. ఎండాకాలమైనా, చలికాలమైనా అది మారదు. ఆ వివరం కెల్విన్లలో, పదో వంతుల లెక్కన అందుతుంది. 301 కెల్విన్లను సెల్సియస్‌లోకి మారిస్తే 27.8, 290ని మారిస్తే 16.8 వస్తాయి. బోర్డు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒక గుండు అంకె రాసి వదిలేశారన్నమాట. కాబట్టి రెండో పరీక్ష ఇదే: కంప్యూటర్‌కు బరువైన పని ఇచ్చి చూడండి. కదలని అంకె ఉష్ణోగ్రత కాదు.

11. ఒకే చిప్‌కు రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి, రెండూ నిజమే

కోర్ 2 క్వాడ్ క్యూ6600 వివరాల పట్టికలో ఇంటెల్ ఇచ్చిన పరిమితి మొదటి రకానికి 62.2 డిగ్రీలు, తర్వాతి రకానికి 71. ప్రోగ్రామ్‌లో 70 దాటగానే పరిమితి మించిందని చాలామంది భయపడ్డారు. అయితే పట్టికలోని అంకె చిప్‌ను కప్పిన లోహపు మూత పైభాగం మధ్యలో ఉండాల్సిన వేడి. ప్రోగ్రామ్ చూపేది లోపలి సిలికాన్ వేడి. లోపలిది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. మూత వేడిని ప్రయోగశాలలో కొలవాలంటే ఆ మూత మీద సన్నని గాడి చెక్కి, అందులో వెంట్రుక లాంటి థర్మోకపుల్ తీగ అమర్చుతారు. ఇంట్లో ఏ ప్రోగ్రామూ దాన్ని కొలవలేదు. పరిమితితో పోల్చేముందు ఆ పరిమితి ఏ చోటుకు చెప్పిందో చూడాలి.

12. జ్వరం చూసే గన్ ఇక్కడ పనికిరాదు

కోవిడ్ కాలంలో ఇంటింటికీ చేరిన ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ప్రాసెసర్ వేడి కొలవాలని ఎవరికైనా అనిపిస్తుంది. నుదుటికి పెట్టేవి మనిషి ఒంటి వేడికి తగ్గట్టు సరిచేసినవి. 70, 80 డిగ్రీలు వాటి పరిధిలోవి కావు. వర్క్‌షాపుల్లో వాడే గన్ తెచ్చినా మరో చిక్కుంది. నున్నగా మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా చాలా తక్కువగా వదులుతుంది, చుట్టుపక్కల కిరణాలను అద్దంలా తిప్పికొడుతుంది. మెరిసే హీట్‌సింక్ వైపు గురిపెడితే గన్ చదివేది ఎక్కువగా ఎదుట ఉన్న మీ వేడినీ, గోడ వేడినీ. నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద గురిపెడితే కొలత నిజానికి దగ్గరవుతుంది. అప్పుడు కూడా తెలిసేది హీట్‌సింక్ వేడే, చిప్‌ది కాదు.

13. బయోస్‌లో ఎక్కువ చూపడం తప్పు కాదు

బయోస్‌లో 48 ఉంది, విండోస్‌లోకి వచ్చాక 38 ఉంది, ఏది నమ్మాలి? రెండూ నమ్మవచ్చు. విండోస్, లినక్స్ వంటివి పని లేనప్పుడు కోర్లను గాఢనిద్రలోకి పంపుతాయి. ఆన్ చేయగానే వాటికంటే ముందు నడిచే బయోస్ చాలా కంప్యూటర్లలో అలా పంపదు. పని లేకపోయినా కోర్లు మేలుకునే ఉంటాయి కాబట్టి వేడి ఎక్కువ. అలాగే ఒక ప్రోగ్రామ్ తెరవగానే అంకె 10 డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగడమూ సెన్సర్ లోపం కాదు. గోరంత సిలికాన్ వేడెక్కడానికి క్షణంలో చిన్న వంతు చాలు. హీట్‌సింక్ మొత్తం వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది.

14. కాగితం మీద ఒక గీత గీస్తే దాచిన డిగ్రీలు బయటపడతాయి

ఈ పరీక్షకు గది థర్మామీటర్, కాగితం, కాస్త ఓపిక ఉంటే చాలు. హీట్‌సింక్ మారకుండా, ఫ్యాను ఒకే వేగంతో తిరిగితే, గది మీద చిప్ పెరిగే వేడి అది తినే వాట్లకు అనులోమంగా ఉంటుంది. వాట్లు రెట్టింపైతే పెరుగుదలా రెట్టింపు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ప్రోగ్రాములు వాట్లను కూడా చూపుతాయి.

గది 30 డిగ్రీలు ఉందనుకుందాం. ఫ్యాను వేగాన్ని ఒకచోట స్థిరపరచండి. అన్ని కోర్లకూ సమానంగా తేలికైన పని ఇచ్చి, అంకె నిలకడగా నిలిచేదాకా పావుగంట ఆగండి. 40 వాట్ల దగ్గర 46 వచ్చిందనుకోండి. తర్వాత బరువైన పని ఇస్తే 80 వాట్ల దగ్గర 62 వచ్చింది. అంటే 40 వాట్లకు 16 డిగ్రీలు పెరిగింది. ఇదే లెక్కన వెనక్కి వెళ్తే సున్నా వాట్ల దగ్గర 30 రావాలి. వచ్చింది, గది వేడితో సరిపోయింది. సెన్సర్ మాట నమ్మవచ్చు.

అదే 40 వాట్ల దగ్గర 66, 80 వాట్ల దగ్గర 82 చూపితే? పెరుగుదల అంతే, 16 డిగ్రీలే. కానీ సున్నా వాట్ల దగ్గర 50 తేలుతుంది. పని చేయని చిప్ 30 డిగ్రీల గదిలో 50 ఉండడానికి కారణం లేదు. ఎవరో 20 కలిపారని అర్థం. పైన చెప్పిన రైజెన్ కథ మీ కాగితం మీదే బయటపడుతుంది. వాట్ల అంకె కూడా చాలాసార్లు అంచనాయే, క్యాబినెట్ లోపలి గాలి గది కంటే వేడిగా ఉంటుంది. కాబట్టి నాలుగైదు డిగ్రీల తేడాకు కంగారు వద్దు. థర్మామీటర్‌ను గాలి లోపలికి పోయే చోట పెడితే లెక్క ఇంకా బాగా కుదురుతుంది.

15. మీ థర్మామీటర్‌ను కూడా పరీక్షించాలి

తూకం రాయి తప్పైతే తక్కెడ ఎంత మంచిదైనా లాభం లేదు. నీళ్లలో ముంచగల థర్మామీటరైతే, బాగా చితక్కొట్టిన మంచుగడ్డలో కాసిని నీళ్లు పోసి, కలియబెట్టి, అందులో ఉంచండి. సున్నా చూపాలి. మరిగే నీళ్లలో 100 చూపాలని పుస్తకాల్లో చదువుకున్నాం గానీ, అది సముద్రమట్టం దగ్గరి మాట. ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మచిలీపట్నంలో నీళ్లు దాదాపు 100 దగ్గర మరిగితే, 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో 98 దగ్గరే మరుగుతాయి. హైదరాబాద్ వంటింట్లో థర్మామీటర్ 98 చూపితే దాన్ని పారేయకండి. అది నిజమే చెబుతోంది.

16. 95 డిగ్రీలు కొన్ని చిప్‌లకు జ్వరం కాదు

2022లో వచ్చిన రైజెన్ 7000 చిప్‌లలో పెద్దవి బరువైన పని చేసేటప్పుడు 95 డిగ్రీల దాకా వెళ్లి, అక్కడే నిలబడి పనిచేస్తాయి. వాటిని అలాగే రూపొందించామని ఏఎండీ చెప్పింది. అదే తరంలోని 7800ఎక్స్3డీ గరిష్ఠం 89. ఇంటెల్‌లో చాలా చిప్‌లకు 100. బుల్లి కంప్యూటర్ రాస్ప్‌బెర్రీ పై 80 దాటగానే వేగం తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. కాబట్టి "ఎన్ని డిగ్రీలు దాటితే ప్రమాదం?" అన్న ప్రశ్నకు అందరికీ ఒకటే జవాబు లేదు. మీ చిప్ పేరు వెతికి దాని పరిమితి తెలుసుకోవాలి.

సెన్సర్ మాట నిజమని తేలాక పరిమితికి ఇంకెంత దూరం ఉందో చూడండి. కంప్యూటర్ వేగం పడిపోతోందా, తనంతట తాను ఆగిపోతోందా అన్నదీ గమనించండి. అలా జరుగుతుంటే అంకెతో వాదన అనవసరం, ఫ్యానులో దుమ్ము దులపాలి, థర్మల్ పేస్ట్ మార్చాలి. జరగకపోతే మాత్రం భయంతో డబ్బు ఖర్చుపెట్టకండి. తప్పు అంకెను నమ్మి మంచి యంత్రాన్ని తీసేయడం ఎంత నష్టమో, నిజమైన హెచ్చరికను "సెన్సర్‌ది తప్పులే" అని కొట్టిపారేయడమూ అంతే నష్టం. ఈ రెండింటి నుంచీ కాపాడేవి గోడ మీది ఒక థర్మామీటర్, కాగితం మీది ఒక గీత. అవి రెండూ ఒప్పుకున్నాక 100 పరిమితి ఉన్న చిప్ 91 చూపినా గుండె గుభేలుమనక్కర్లేదు. మైలురాయిని సరిగ్గా చదివాం, ఇంకా 9 డిగ్రీల దూరం ఉంది.